మెక్సికన్ వలస కుటుంబాల్లో మారుతండ్రి: ఆయన మౌనాన్ని నిర్లక్ష్యం అని రాయకండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. కాలిఫోర్నియాలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) చదువుతున్న ఒక తెలుగు అమ్మాయి ఫ్రెస్నో దగ్గర ఒక స్కూల్లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నారు. ఆవిడ చూస్తున్న కుటుంబంలో 12 ఏళ్ల అబ్బాయి, మెక్సికో నుంచి వచ్చిన తల్లి, నాలుగేళ్లుగా వాళ్లతో ఉంటున్న మారుతండ్రి. ఆయన స్కూలు మీటింగులకు రాడు. ఇంటికి వెళ్తే "వాళ్లమ్మను అడగండి" అని పక్కకు తప్పుకుంటాడు. అంతకుముందు చూసినవాళ్లు ఫైల్లో "పిల్లవాడి విషయంలో ఆసక్తి లేదు" అని రాసి పెట్టారు. "ఇది మెక్సికన్ మగవాళ్ల సంస్కృతేనా? ఆయనతో నేను మాట్లాడటం ఎలా?" అని అడిగారు.

నేను ఫ్రెస్నో ఉన్న సెంట్రల్ వ్యాలీ అనే వ్యవసాయ ప్రాంతంలో 17 ఏళ్లుగా ఫ్యామిలీ కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది మిచోకాన్, ఒహాకా, గ్వానహ్వాతో, హలిస్కో రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. స్పానిష్ ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. ఈ ప్రశ్న నన్ను చాలా తాకింది, ఎందుకంటే మొదటి రెండేళ్లూ నేనూ ఫైళ్లలో సరిగ్గా అదే వాక్యం రాశాను. కింద చెప్పే కుటుంబాలను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ముందు ఆ పేరు గురించి చెప్పాలి. స్పానిష్‌లో మారుతండ్రిని పాద్రాస్త్రో అంటారు. ఆ చివరి 'ఆస్త్రో' మాటను తక్కువ చేసే ప్రత్యయం. కవికి అది తగిలిస్తే నాసిరకం కవి అని అర్థం. గోరు పక్కన చర్మం చీలి లేచి, బట్ట తగిలినా మండుతుంది చూడండి, దానికీ స్పానిష్‌లో పాద్రాస్త్రో అనే పేరు. అందుకే ఇళ్లలో ఆ మాట దాదాపు వినపడదు. పిల్లలు ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, లేదా పేరు ముందు గౌరవానికి 'దోన్' చేరుస్తారు, బయటివాళ్లకు చెప్పేటప్పుడు "మా అమ్మ భర్త" అంటారు. పిల్లలు బాగా చిన్నగా ఉన్నప్పుడే ఆయన ఆ ఇంట్లోకి వచ్చి ఉంటే 'అపా' అంటారు, మన 'నాన్నా' లాంటి పిలుపు. మీరు ఫారం తీసి "మీరు ఈ అబ్బాయికి పాద్రాస్త్రోనా?" అని అడిగిన క్షణంలో, ఆ ఇంట్లో నాలుగేళ్లుగా ఎవరూ నోటితో అనని మాట మీరు అన్నట్టు. ఆయన తలుపు దగ్గరకు జరిగి నిలబడటంలో ఆశ్చర్యం లేదు.

ఇది మనకు అర్థం కాని సంగతేమీ కాదు. మన కథల నిండా సవతి తల్లి ఉంది. సవతి తండ్రి అనే మాట మాత్రం పేపర్లో ఎక్కువగా నేరాల వార్తల్లోనే కనిపిస్తుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించేదాకా మన పై కులాల్లో ఆ మనిషికి చోటే లేదు. మారుమనువు ఆచారం ఉన్న కులాల్లో మనిషి ఉన్నాడు, కానీ వాడుకలో ఆయనకంటూ ఒక గౌరవమైన పిలుపు స్థిరపడలేదు. అమెరికన్లకూ ఈ ఇబ్బంది ఉంది. ఆండ్రూ చెర్లిన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978లోనే మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్ల కుటుంబం ఇంకా పూర్తిగా ఏర్పడని వ్యవస్థ అని రాశాడు. ఎవరు ఎవర్ని ఏమని పిలవాలి, ఎవరికి ఎంత హక్కు అనేదానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదని ఆయన మాట. మెక్సికో నుంచి వచ్చినవాళ్ల విషయంలో ఈ తికమక రెండింతలు. అక్కడి పద్ధతి సగం వెంట వస్తుంది, ఇక్కడిది సగం అలవాటవుతుంది.

నా కళ్లు తెరిపించిన సాయంత్రం ఒకటి చెబుతాను. ఫ్రెస్నోకు దక్షిణాన చిన్న ఊరు, ఆగస్టు చివర. ఆ రోజుల్లో అక్కడ ద్రాక్ష కోసి, వరుసల మధ్య నేల మీద కాగితాలు పరిచి ఎండబెడతారు, అదే ఎండుద్రాక్ష. నేను తల్లితో వంటగదిలో కూర్చున్నాను. అప్పటికి అది మూడో విజిట్. మారుతండ్రి తోట నుంచి వచ్చాడు. బూట్లు బయటే విప్పి, పెరటి పంపు దగ్గర చేతులు, మెడ కడుక్కుని, లోపలికి వచ్చి నాకు తల వంచి నమస్కారంలా ఒక మాట అన్నాడు. తర్వాత అల్మారా మీదున్న పిల్లవాడి ఇన్‌హేలర్ తీసి, వెనక చిన్న కిటికీలో ఇంకా ఎన్ని డోసులు ఉన్నాయో చూశాడు, ఊపాడు, స్కూలు బ్యాగు పక్క జేబులో పెట్టి జిప్పు వేశాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు. పెరట్లోకి వెళ్లిపోయాడు. మా వ్యాలీలో గాలి ఎంత చెడ్డదో మీకు తెలుసు, ఆస్తమా ఉన్న పిల్లవాడికి ఆ పని ఎంత ముఖ్యమో కూడా తెలుసు. "రోజూ చేస్తారా?" అని తల్లిని అడిగితే, "అవును, మూడేళ్ల నుంచి" అంది మామూలుగా. అది నాకు చెప్పాల్సిన విషయమని ఆవిడకు తోచలేదు. నేను మూడు విజిట్లలోనూ "ఆయన పిల్లవాడితో మాట్లాడతారా, హోంవర్క్ చూస్తారా" అనే అడిగాను.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇదే: చాలా ఇళ్లలో ఈ మనిషి తండ్రి పని చేస్తాడు, తండ్రి పేరు మాత్రం అడగడు. పేరు అడగకపోవడం ఆయన దృష్టిలో మర్యాద. మనం పేరు కోసం వెతికి, పని చూడకుండా వచ్చేస్తాం.

ఆ మర్యాదకు వాళ్ల దగ్గర రెస్పెతో అనే పేరుంది. మన 'గౌరవం' కన్నా కొంచెం విస్తారమైన మాట. ఎవరి చోటు ఏదో తెలుసుకుని అక్కడ ఉండటం కూడా అందులో భాగం. పిల్లలు పెద్దల్ని 'తూ' అనాలా 'ఉస్తెద్' అనాలా అన్నది ఇంటింటికీ మారుతుంది, మన నువ్వు-మీరు లాగే. దీనికి తోడు ఎదుకసియోన్ అనే మాట ఉంది. డిక్షనరీలో విద్య అని ఉంటుంది, కానీ "బాగా ఎదుకాదో అయిన పిల్లవాడు" అంటే పెద్దల ముందు ఎలా మెలగాలో తెలిసిన పిల్లవాడని. మార్కులు తర్వాత సంగతి. మారుతండ్రి పిల్లవాడి నుంచి కోరుకునేది ముందు ఇదే: తనను ప్రేమించకపోయినా ఫర్వాలేదు, ఇంట్లోకి వస్తే పలకరించాలి, భోజనాల దగ్గర ఫోన్ పక్కన పెట్టాలి. ఇక్కడ పెరిగిన పిల్లవాడికి ఇవి అధికారం చూపించడంలా అనిపిస్తాయి. "నువ్వు మా నాన్నవి కాదు" అనే మాట వచ్చేది సాధారణంగా ఇలాంటి చిన్న విషయం దగ్గరే. ఆ మాట విన్నాక ఆయన మళ్లీ చాలాకాలం ఏమీ అనడు. "నో మె తోకా" అంటాడు, అంటే "అది నా వంతు కాదు" అని. మీతో "వాళ్లమ్మను అడగండి" అన్నది బహుశా ఆ వాక్యానికే ఇంకో రూపం.

ఇక 'మాచిస్మో', అంటే మగవాడి పెత్తనం, దాని గురించి. మీ ప్రశ్నలో మగవాళ్ల సంస్కృతి అన్నారు, మీ క్లాసులో కూడా ఈ మాట వచ్చే ఉంటుంది. మద్యం, పెత్తనం, చేయి చేసుకోవడం ఉన్న ఇళ్లు నేను చూశాను, లేవని అనను. కానీ మెక్సికన్ మగవాడంటే అదొక్కటే అనుకుంటే సగం కూడా చూడనట్టు. 1990లలో మాథ్యూ గట్‌మన్ అనే ఆంథ్రపాలజిస్టు మెక్సికో నగరంలో సాంటో డొమింగో అనే పేట మగవాళ్ల మధ్య ఉండి పరిశోధన చేశాడు. పిల్లల్ని ఎత్తుకుని తిరిగేవాళ్లు, పెంపకంలో పాలుపంచుకునేవాళ్లు ఆయనకు అక్కడ సాధారణంగానే కనిపించారు. 2008లో మిగెల్ ఆర్సినియేగా, ఆయన తోటివాళ్లు మెక్సికన్ అమెరికన్ మగవాళ్ల మీద చేసిన పనిలో మాచిస్మో పక్కన కబయ్యెరిస్మో అనే రెండో పార్శ్వాన్ని కొలిచి చూపించారు. కబయ్యెరో అంటే పెద్దమనిషి. కుటుంబాన్ని చూసుకోవడం, ఆడవాళ్ల పట్ల మర్యాద, మనసులో ఉన్నది చెప్పగలగడం ఇందులోకి వస్తాయి. వేరొకరి పిల్లల బాధ్యత నెత్తిన వేసుకున్న మగవాడికి ఈ రెండో ఆదర్శం గట్టి ఆసరా. "పిల్లలున్న ఆవిడను చేసుకున్నాను, పిల్లల్నీ చేసుకున్నాను" అని నాతో అన్నవాళ్లు చాలామంది. వాళ్లకొక సామెత ఉంది: కన్నవాడు కాదు, పెంచినవాడే తండ్రి. అయితే ఈ సామెతను తల్లి అంటుంది, అమ్మమ్మ అంటుంది. ఆయన నోట మాత్రం నేను ఎప్పుడూ వినలేదు.

అమ్మమ్మ మాట వచ్చింది కాబట్టి, ఆవిణ్ని మరిచిపోకండి. కుటుంబమంటే వాళ్లకు తల్లి, తండ్రి, పిల్లలతో ఆగదు. అమ్మమ్మ, మేనమామలు, పిల్లవాడికి బాప్తిస్మం ఇప్పించిన పద్రీనోలు అందరూ అందులో ఉంటారు. పద్రీనోకు, పిల్లవాడి తల్లిదండ్రులకు మధ్య 'కొంపాద్రె' అనే బంధుత్వం ఏర్పడుతుంది, అది చాలా బలమైనది. ఇక్కడో చిక్కు ఉంది. ఆ పద్రీనో తరచు కన్నతండ్రి స్నేహితుడో అన్నదమ్ముడో అయి ఉంటాడు. దంపతులు విడిపోయినా కొంపాద్రె బంధుత్వం తెగదు. మారుతండ్రి ఆదివారం పెరట్లో మాంసం కాలుస్తుంటే, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో కన్నతండ్రి మనుషులు కూడా ఉండవచ్చు. ఆయన ఆ ఇంట్లో మగదిక్కూ అవుతాడు, కొత్తగా వచ్చినవాడూ అవుతాడు. ఆయన్ని తనవాడిగా ఒప్పుకోవడంలో మేనమామల మాటకు చాలా విలువ ఉంటుంది. తల్లి అన్నదమ్ములు ఆయన్ని పనికి వెంట తీసుకెళ్లారా, కారు రిపేరుకు పిలిచారా అని నేను తప్పకుండా అడుగుతాను.

పేర్ల సంగతి కూడా చూసుకోండి. మెక్సికోలో మనిషికి రెండు ఇంటిపేర్లు, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. కాబట్టి ఇలాంటి ఇంట్లో తల్లికి, మారుతండ్రికి ఒక పాప పుడితే, ఆ పాపకూ అన్నకూ రెండో ఇంటిపేరు ఒకటే, మొదటిది వేరు. ఇక్కడి స్కూలు కంప్యూటర్లో రెండో పేరు చాలాసార్లు ఎగిరిపోతుంది. అన్నాచెల్లెళ్లను కలిపే పేరే అది. మిగిలిన మొదటి పేరుతో వాళ్లిద్దరూ పరాయివాళ్లలా కనిపిస్తారు, ఆఫీసులో "మీరు ఇతనికి ఏమవుతారు?" అనే ప్రశ్న ఆయనకు ఎదురవుతుంది. ఒకసారి ఎదురైతే చాలు, రెండోసారి ఆయన ఆఫీసుకు రాడు.

ఇంతవరకు చెప్పింది సంస్కృతి. కానీ మీరు "సంస్కృతేనా?" అని అడిగారు, నా జవాబు అది సగం మాత్రమే అని. మిగిలిన సగం వలస, చట్టం, పని.

కన్నతండ్రి ఎక్కడున్నాడో కనుక్కోండి. మన దగ్గర విడాకులంటే సాధారణంగా గొడవ, కోర్టు. ఈ కుటుంబాల్లో చాలావరకు అలా తెగిపోవు. మెక్సికోలో 1914లోనే చట్టం విడాకులకు దారి ఇచ్చింది, కానీ కేథలిక్ చర్చి ఒప్పుకోదు. ఊళ్లలో పెళ్లి కాగితం లేకుండా కలిసి ఉండే 'ఊనియోన్ లీబ్రె' బాగా మామూలు, అది విడిపోవడానికీ కాగితం అక్కర్లేదు. సరిహద్దు దాటి వచ్చినవాడు ఏళ్ల తరబడి తిరిగి వెళ్లలేక, నెమ్మదిగా రెండు చోట్లా వేరే కుటుంబాలు ఏర్పడతాయి. అమెరికా 1996లో చేసిన ఇమిగ్రేషన్ చట్టం తర్వాత ఇది ఇంకా బిగుసుకుంది. అనుమతి లేకుండా ఏడాది పైన ఉండి బయటకు వెళ్తే మళ్లీ చట్టబద్ధంగా రావడానికి 10 ఏళ్ల నిషేధం. పూర్వం పంట కాలానికి వచ్చి, క్రిస్మస్‌కు ఊరెళ్లినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. అందుకని పిల్లవాడి మనసులో కన్నతండ్రి వదిలేసినవాడు కాదు, రాలేకపోతున్నవాడు. ఫోన్‌లో కనిపిస్తాడు. కనిపించే ఆ తండ్రి ఎప్పుడూ తిట్టడు, హోంవర్క్ అడగడు. ఉదయం నాలుగింటికి లేచి పనికి వెళ్లే మారుతండ్రి ఆయనతో పోటీ పడలేడు.

దీనికి తిరగేసిన బాధ ఇంకొకటి. మారుతండ్రికి తన సొంత పిల్లలు మెక్సికోలో ఉండవచ్చు. జీతం రోజున డబ్బు రెండుగా విడిపోతుంది. ఒకాయన నాతో అన్నాడు: "ఇక్కడ ఇతనికి బూట్లు కొంటాను, అక్కడ నా కొడుక్కి ఎవరు కొంటున్నారో తెలియదు." ఈ పిల్లవాడితో దగ్గరైతే అక్కడి పిల్లలకు ద్రోహం చేసినట్టు అనిపించి వెనక్కి తగ్గేవాళ్లను చూశాను. మొదటి విజిట్‌లో ఎవరూ ఈ సంగతి చెప్పరు. మీరూ అడగకండి. నాలుగో సారో ఐదో సారో దానంతట అదే వస్తుంది.

భాష గురించి రెండు మాటలు. పిల్లవాడికి ఇంగ్లీషు వస్తుంది, ఆయనకు రాదు. అద్దె కాగితం, డాక్టరు చీటీ, కారు బీమా అన్నీ పిల్లవాడే చదివి చెబుతాడు. కన్నతండ్రికైతే ఇది కాస్త నామోషీయే, మారుతండ్రికి నిలబడటానికి ఉన్న కాస్త చోటూ పోయినట్టు. ఏ పరిస్థితిలోనూ పిల్లవాణ్ని దుబాసీగా పెట్టకండి. ఇంకోటి, ఒహాకా నుంచి వచ్చినవాళ్లలో కొందరి మాతృభాష మిష్టెకో. స్పానిష్ కూడా వాళ్లకు రెండో భాషే. ఆయన తక్కువ మాట్లాడటానికి కారణం అదే కావచ్చు, సున్నితంగా కనుక్కోండి.

చట్టం విషయంలో తెలిసి ఉండాల్సిన ముఖ్యమైనది ఒకటుంది. మారుతండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉంటే ఆ పిల్లవాడి కోసం ఇమిగ్రేషన్ పిటిషన్ వేయవచ్చు. అయితే పిల్లవాడికి 18 ఏళ్లు రాకముందే తల్లితో చట్టబద్ధమైన పెళ్లి జరిగి ఉండాలి. కలిసి ఉంటున్నాం అంటే ఈ రాష్ట్రంలో సరిపోదు. ఈ సంగతి తెలియక, "పెళ్లి సంగతి తర్వాత చూద్దాం, కిన్సేన్యేరా (అమ్మాయి 15వ ఏటి వేడుక) ఖర్చు అయ్యాక చేసుకుందాం" అని వాయిదా వేసి అవకాశం పోగొట్టుకున్న కుటుంబం నా ముందు కూర్చుని ఏడ్చింది. మీరు సలహా ఇవ్వకండి, ఇమిగ్రేషన్ లాయరు దగ్గరకు పంపండి. 'నోతారియో' దగ్గరకు వెళ్లొద్దని కూడా చెప్పండి. మెక్సికోలో నోతారియో అంటే పెద్ద న్యాయవాది. ఇక్కడ నోటరీ అంటే సంతకం ధ్రువీకరించే మనిషి మాత్రమే, ఆ పేరు పోలికతో మోసపోయినవాళ్లు ఎందరో. స్కూలు పనులకు మాత్రం కాలిఫోర్నియాలో ఒక సులువుంది. పిల్లవాడు తనతో ఉంటున్నప్పుడు మారుతల్లి, మారుతండ్రి కూడా కేర్‌గివర్ అఫిడవిట్ (పిల్లవాణ్ని చూసుకుంటున్నానని రాసిచ్చే పత్రం) మీద సంతకం చేసి స్కూల్లో చేర్పించవచ్చు, స్కూలుకు సంబంధించిన వైద్యానికి ఒప్పుకోలు ఇవ్వవచ్చు. నోటరీ అక్కర్లేదు. ఆ కాగితం మీద తన పేరు చూసుకున్న ఒకాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నాడు. కాపీ చాలండీ అన్నా వినలేదు.

ఆడపిల్ల ఉన్న ఇళ్ల గురించి అడగలేదు, అయినా చెబుతాను. అక్కడ మారుతండ్రి ఇంకా దూరంగా ఉంటాడు. గదిలోకి వెళ్లడు, ఒంటరిగా కార్లో తీసుకెళ్లడు. కొన్నిసార్లు తల్లే అలా నియమం పెడుతుంది. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు, ఆ భయాన్ని మీరు ఎప్పుడూ తేలిక చేయకూడదు. పిల్లతో విడిగా మాట్లాడే అవకాశం తప్పకుండా ఉండాలి. అదే సమయంలో, ఆ దూరం చూసి మనసు లేని మనిషి అని రాయకూడదు.

ఒక కిన్సేన్యేరాకు వెళ్లాను. అమ్మాయికి 15 ఏళ్లు నిండినప్పుడు చేసే పెద్ద వేడుక అది, చర్చిలో పూజ, తర్వాత హాల్లో విందు. అందులో రెండు ఘట్టాలు తండ్రివి. అమ్మాయి మామూలు చెప్పులు తీసి మడమల జోళ్లు తొడగడం ఒకటి, ఆమెతో మొదటి వాల్ట్జ్ నృత్యం రెండోది. కన్నతండ్రి ఆ రోజుకు టెక్సస్ నుంచి వచ్చాడు. హాలు అద్దె, భోజనాలు మారుతండ్రి రెండేళ్లు ఓవర్‌టైమ్ చేసి కూడబెట్టిన డబ్బు. వాల్ట్జ్ ఎవరిదని నెల రోజులు ఇంట్లో టెన్షన్. చివరికి అమ్మమ్మ తేల్చింది: నృత్యం కన్నవాడిది, జోళ్లు పెంచినవాడివి. ఆయన కొత్త ప్యాంటుతో సిమెంటు నేల మీద మోకాలు ఆనించి కూర్చున్నాడు. వేళ్లు మొరటువి, జోడుకున్న సన్నటి బకిల్ పట్టడం లేదు. రెండుసార్లు జారింది. అమ్మాయి వంగి, ఆయన భుజం మీద చేయి వేసి, తొందర లేదన్నట్టు అలాగే ఉంది. ఆ పిల్ల ఆయన్ని పేరు పెట్టే పిలుస్తుంది, ఇప్పటికీ.

మీరు చూస్తున్న అబ్బాయి ఇంటి విషయానికి వస్తే, నేనైతే ఇలా చేస్తాను. మీటింగు పగలు పెట్టను. పొలం పని గంటల లెక్క, రాకపోతే ఆ రోజు కూలి పోతుంది. సాయంత్రం ఆరు తర్వాతో, ఆదివారం పూజ అయ్యాకో వెళ్తాను. ఆయన్ని ఎప్పుడూ 'సెన్యోర్' అనే పిలుస్తాను, పాద్రాస్త్రో అనే మాట నోట్లోంచి రానివ్వను. ముందు తల్లి ఎదుటే ఆయన మాట అడగడానికి ఆవిడ అనుమతి తీసుకుంటాను. ఆవిడ సరే అంటేనే ఆయనకు అది తన వంతు అవుతుంది. "పిల్లవాడితో మీ సంబంధం ఎలా ఉంది" అని అడగను, దానికి ఆయన దగ్గర జవాబు ఉండదు. "పొద్దున్న ఇతన్ని లేపేది ఎవరు? సైకిల్ చైను ఊడితే ఎవరు వేస్తారు? జ్వరం వస్తే రాత్రి ఎవరు మేలుకుంటారు?" అని అడుగుతాను. కాఫీ ఇస్తే తాగుతాను, తొందరపడి లేవను.

ఇక ఫైల్లో ఆ వాక్యం కొట్టేయడానికి మీకు అధికారం లేకపోవచ్చు. దాని కిందే తేదీ వేసి, మీరు కళ్లతో చూసిన పనులు ఒక్కొక్కటే రాయండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చేశాడు అని. రెండు మూడు విజిట్ల తర్వాత ఏమైందో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.